ఎస్కేప్ రూమ్‌లో అమ్మమ్మలకూ పని ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయి. ఎండలు ముదిరాక విజయవాడలో పగటిపూట పిల్లలను, పెద్దవాళ్ళను బయటికి తీసుకువెళ్ళడానికి ధైర్యం చాలదు. భవానీ ద్వీపానికి వెళ్ళినా, ప్రకాశం బ్యారేజీ మీద నడిచినా పొద్దు వాలిన తరువాతే. మధ్యాహ్నాలకు మిగిలేవి సినిమా హాలు, షాపింగ్ మాల్. అక్కడికి కుటుంబమంతా కలిసి వెళుతుందే కానీ, అందరూ కలిసి చేసే పని అంటూ ఏమీ ఉండదు. ఆ లోటు తీర్చగల ఆట ఒకటి ఉన్నదనీ, అయితే దాన్ని మన ఇళ్ళకు, మన భాషకు తగినట్టుగా మలచుకోవలసి ఉన్నదనీ తెలియజేయడానికే ఈ లేఖ రాస్తున్నాను. ఆ ఆట పేరు ఎస్కేప్ రూమ్.

తెలియని పాఠకుల కోసం క్లుప్తంగా చెబుతాను. పాత బంగళా, రైలు పెట్టె, ప్రయోగశాల వంటి ఏదో ఒక కథకు తగినట్టు అలంకరించిన గదిలోకి నలుగురైదుగురిని పంపి, సాధారణంగా 60 నిమిషాల గడువు ఇస్తారు. గదిలోని వస్తువులను వెతికి, వాటిలో దాచిన సూచనలను ఒకదానితో ఒకటి జతచేసి, నంబరు తాళాలను, పెట్టెలను, రహస్యపు అరలను ఒక్కొక్కటిగా తెరుచుకుంటూ చివరి తలుపు దాకా చేరాలి. గేమ్ మాస్టర్ అనే వ్యక్తి బయటినుంచి కెమెరాలో గమనిస్తూ, దారి తోచక నిలిచిపోయినవారికి అడిగినప్పుడు హింట్ ఇస్తాడు. అప్పటికే కంప్యూటర్ తెర మీద ఆడుతున్న ఇటువంటి ఆటను 2007లో జపాన్‌లోని క్యోటో నగరంలో తకావో కాటో అనే ఆయన నిజమైన మనుషుల మధ్యకు తీసుకువచ్చారు. 2011లో హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో మొదలై ఐరోపా అంతటా వ్యాపించింది. మన దేశంలోని పెద్ద నగరాలకు కూడా వచ్చి చాలాకాలమే అయింది.

గత సంక్రాంతి సెలవుల్లో హైదరాబాద్‌లోని బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు మా ఇంటిల్లిపాదీ, అంటే డెబ్బై దాటిన మా అత్తయ్యగారు, మావారు, నేను, ఇంటర్ చదువుతున్న అబ్బాయి, ఆరో తరగతి అమ్మాయి, ఒక జమీందారు బంగళా కథతో అమర్చిన గదిలో ఈ ఆట ఆడాం. లోపలికి వెళ్ళేముందే సెల్‌ఫోన్లన్నీ లాకర్‌లో పెట్టించారు. మా అమ్మాయి మంచం కింద దూరి మొదటి తాళంచెవి తెచ్చింది. లెక్కల చిక్కులు మావారు విప్పారు. ఇంట్లో ఎంతసేపూ తన గదిలో తలుపేసుకుని కూర్చునే అబ్బాయి, చెల్లెలు అడిగిన చోటల్లా టార్చి వేసి చూపిస్తూ ఆ పిల్ల వెంట తిరిగాడు. అయితే గోడకు అంటించిన చీటీలు, డైరీ పేజీలు, ఉత్తరాలు అన్నీ ఇంగ్లీషులోనే ఉండడంతో అత్తయ్యగారు ఒక మూల కుర్చీలో కూర్చుండిపోయారు. దాదాపు సగం ఆట అయ్యేదాకా ఆమెకు ఆ గదిలో ఏ పనీ లేకపోయింది.

మేమందరం డైరీ మీద పడి మాటలు కూడబలుక్కుంటూ ఉండగా, గోడ మీద వరుసగా వేలాడదీసిన పాత ఫోటోలను చూస్తున్న అత్తయ్యగారు, "ఈ ఫోటోలో ఆవిడకు పమిట కుడి భుజం మీద ఉందేమిటే?" అని అడిగారు. ఆ ఫోటోను తిరగేసి ముద్రించారు. దాన్ని కిందికి దించి అద్దంలో చూస్తే వెనుక గోడ గడియారం అసలు వేళ చూపించింది. ఆ వేళే బీరువా తాళానికి అంకె. జీవితమంతా చీరకట్టు ఎరిగిన మనిషి కంటికి ఒక్క చూపులో పట్టుబడిన తేడా మా నలుగురికీ తట్టలేదు. ఆ క్షణం నుంచి మా అమ్మాయి ప్రతి వస్తువునూ ముందు నానమ్మ దగ్గరికి తీసుకువెళ్ళి చూపించడం మొదలుపెట్టింది. గడువు ముగియడానికి కొద్ది ముందు మేము బయటపడ్డాం. బయటపడకపోయినా నాకు అంతే సంతోషంగా ఉండేదని నిజంగా చెబుతున్నాను.

ఈ ఆటలో ఏ ఒక్కరి తెలివీ సరిపోదు. చిన్నపిల్లల చురుకు, నడివయసు వారి ఓర్పు, పెద్దల ఎరుక, మూడూ కావాలి. మూడు తరాలు ఒకే ఇంట్లో ఉండే మనవంటి కుటుంబాలకు ఇంతకంటే తగిన కాలక్షేపం నాకు కనిపించడం లేదు. కానీ సూచనలన్నీ ఇంగ్లీషులో ఉన్నంతకాలం ఇంట్లోని పెద్దలు టికెట్ కొనుక్కుని మూల కూర్చోవలసిందే. ఒక ఫోటో వల్ల మా అత్తయ్యగారికి అవకాశం దొరికింది. అటువంటి అవకాశాన్ని యాదృచ్ఛికానికి వదిలిపెట్టకుండా, గదిని రూపొందించేటప్పుడే ఆలోచించి కల్పించాలని, మన నగరంలో ఈ ఆటను నడుపుతున్నవారిని, నడపదలచినవారిని కోరుతున్నాను.

ఇది కష్టమైన పని కాదు. చిక్కుప్రశ్నలు మన భాషకు కొత్త కాదు. అష్టావధానంలో సమస్యాపూరణం, నిషిద్ధాక్షరి, దత్తపది వంటివన్నీ నియమాల మధ్య నుంచి దారి వెతికే విద్యలే. అంత దూరం వెళ్ళనక్కరలేదు. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు వేసినా చప్పుడు కావు" అన్న పొడుపు కథను గోడ మీద రాసి, అదే గోడకు కళ్ళు మూయగలిగే బొమ్మ ఒకటి తగిలిస్తే, కనురెప్పలు మూసినప్పుడు పక్కనున్న అర తెరుచుకునేలా అమర్చవచ్చు. నాలుగంకెల తాళానికి వేదాలు, ఋతువులు, స్వరాలు, దిక్కులు అని వరుసగా నాలుగు బొమ్మలు వేస్తే, 4678 అని అమ్మమ్మ చెప్పగలదు, మనవడు తిప్పగలడు. తెలుగు అంకెలు నేటి పిల్లల్లో చాలామందికి రావు. పాత పంచాంగాలు, దస్తావేజులు చదివిన పెద్దలకు అవి వచ్చు. ఒక్క తాళాన్ని తెలుగు అంకెలతో పెడితే చాలు, ఆ గదిలో పెద్దవారి కోసం పిల్లలు వెతుక్కుంటూ వస్తారు. ఇంగ్లీషు వద్దని నేను అనడం లేదు. పిల్లలకు రెండు భాషలూ కావాలి. రెండింటికీ గదిలో చోటుండాలన్నదే నా మనవి.

ఇక కథల విషయం. ఈజిప్టు సమాధులు, విదేశీ డిటెక్టివులు, దయ్యాల బంగళాలు తప్ప వేరే కథలు దొరకనట్టు మన దగ్గర కూడా అవే గదులు కట్టవలసిన అవసరం ఏమున్నది? కొండపల్లి బొమ్మల తయారీదారుని పనిగదినే తీసుకోండి. తెల్ల పొణికి చెక్కతో తల, చేతులు, మొండెం విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి బొమ్మను పూర్తిచేసే పద్ధతే సహజంగా ఒక చిక్కుముడి. ఏ చేయి ఏ మొండేనిదో పోల్చి, దశావతారాలను సరైన వరుసలో నిలబెడితే పెట్టె తెరుచుకోవడం అనే ఆట ఆరేళ్ళ పిల్లకూ, అరవై ఏళ్ళ పెద్దకూ సమానంగా అందుతుంది. 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ సమావేశాలకు పింగళి వెంకయ్యగారు జెండా నమూనాను తీసుకువచ్చిన సందర్భం మరొక గదికి సరిపోతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆలోచన కృష్ణా కాలువలది. 1852 నుంచి 1855 వరకు కట్టిన పాత ఆనకట్టకు 1952లో గండి పడింది. దాని స్థానంలో కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. మన నగరం మధ్యనుంచి బందరు, రైవస్, ఏలూరు కాలువలు సాగుతాయి. ఒకప్పుడు ఈ కాలువల్లో పడవలు సరుకులతో నడిచేవి. ఎత్తులో ఉన్న నీటినుంచి పల్లంలోని నీటికి పడవను దింపడానికి లాకులు కట్టారు. రెండు తలుపుల మధ్య పడవను నిలిపి, నీటిని క్రమంగా వదిలి, లోపలి మట్టం అవతలి మట్టానికి సమానం చేస్తారు. రెండు మట్టాలు కలవనంతవరకు నీటి ఒత్తిడికి ఆ తలుపు తెరుచుకోదు. ఎస్కేప్ రూమ్‌కు ఇంతకంటే చక్కని తలుపును ఎవరు కనిపెట్టగలరు? గాజు తొట్టెలు, చిన్న తూములు అమర్చి, మట్టాలు సమానమైనప్పుడే తాళం విడిపోయే ఏర్పాటు చేస్తే, బళ్ళో పాఠంగా చదివినప్పుడు అర్థంకాని విషయం పిల్లల చేతికి అందుతుంది. లాకుల మీదుగా పడవలు వెళ్ళడం చూసిన పెద్దలు మన కాలువ గట్ల పక్కన ఇంకా ఉన్నారు, వారు చెప్పగలిగినది ఆ గదిలో చాలా ఉంటుంది. పర్యాటక శాఖ కానీ, బాపు మ్యూజియం నిర్వాహకులు కానీ వేసవిలో ఒక గదిని ఇందుకు కేటాయించాలని, ఏటా జరిగే పుస్తక మహోత్సవంలో పిల్లల కోసం చిన్నపాటి నమూనా అయినా పెట్టాలని కోరుతున్నాను.

ఈ ఆటకు వెళ్ళదలచిన కుటుంబాలకు ఒకటి రెండు మాటలు. భయానక కథల గదులను చిన్నపిల్లలు, గుండె జబ్బు ఉన్నవారు మానుకోవడం మంచిది. చీకటి ఎంత, మెరిసే దీపాలు ఉంటాయా, వంగి పాకవలసిన చోట్లు ఉన్నాయా అన్నది ముందే ఫోన్ చేసి అడగాలి. మోకాళ్ళ నొప్పులున్నవారికి ఇది చిన్న విషయం కాదు. చదివే కళ్ళజోడు మరిచిపోవద్దు. అపరిచితులతో కలపకుండా గది మొత్తం మీ కుటుంబానికే ఇస్తారో లేదో కనుక్కోండి. పదిమంది ఉంటే ఒకే గదిలో కిక్కిరిసి నిలబడడం కంటే రెండు జట్లుగా రెండు గదుల్లోకి వెళ్ళడం నయం. లోపల ఎవరికి ఏది కనిపించినా పైకి చెప్పాలి, హింట్ అడగడానికి మొహమాటపడకూడదు. ధర మాత్రం తలకు ఇంత అని ఉంటుంది కాబట్టి పెద్ద కుటుంబానికి భారమే. పనిదినాల్లో కుటుంబానికంతటికీ ఒకే ధర పెట్టి, అరవై దాటినవారిని ఉచితంగా అనుమతిస్తే నిర్వాహకులకు మధ్యాహ్నపు ఖాళీ గంటలు కూడా నిండుతాయి.

చివరిగా, అన్నిటికంటే ముఖ్యమైన విషయం భద్రత. 2019 జనవరి 4న పోలండ్‌లోని కోషాలిన్ పట్టణంలో పుట్టినరోజు జరుపుకోవడానికి ఎస్కేప్ రూమ్‌కు వెళ్ళిన పదిహేనేళ్ళ బాలికలు అయిదుగురు అగ్నిప్రమాదంలో బయటికి రాలేక మరణించారు. 2024 మే 25న రాజ్‌కోట్‌లోని గేమ్ జోన్‌లో జరిగిన అగ్నిప్రమాదం పిల్లలతో సహా 27 మందిని బలిగొన్నది. మన నగరంలోనే 2020 ఆగస్టు 9న కోవిడ్ కేంద్రంగా మార్చిన హోటల్‌లో మంటలు చెలరేగి పదిమంది మరణించారు. ఈ ఆటలో తలుపు మూసి ఉన్నట్టు నటన ఉండాలి కానీ నిజంగా మూసి ఉండకూడదు. లోపలి వారు ఏ క్షణంలోనైనా తమంతట తాముగా బయటికి రాగలగాలి. విద్యుదయస్కాంతంతో పనిచేసే తాళాలకు కరెంటు ఉన్నంతసేపే పట్టు ఉంటుంది, కరెంటు పోగానే తలుపు దానంతటదే విడిపోతుంది. పక్కనే అత్యవసర మీట కూడా ఉంటే లోపలివారు ఎవరో వచ్చి విడిపించే దాకా ఆగనక్కరలేదు. బయటినుంచి తాళంచెవితో మూసే గదిలోకి మీ పిల్లలను పంపవద్దని తల్లిదండ్రులను వేడుకుంటున్నాను. ఆట మొదలయ్యే ముందు ఆ మీట ఎక్కడున్నదో చూపించమనండి, మీ చేత్తో ఒకసారి నొక్కి చూడండి. చూపించడానికి వెనకాడే చోట డబ్బు వాపసు తీసుకుని వచ్చేయండి.

నగరపాలక సంస్థ, అగ్నిమాపక శాఖ అధికారులు ఇటువంటి కేంద్రాలను మామూలు దుకాణాలుగా కాక, జనం గుమిగూడే వినోదశాలలుగానే పరిగణించి, రెండో బయటి దారి, అత్యవసర మీటలు, పొగను పసిగట్టే పరికరాలు, అలంకరణకు వాడిన థర్మాకోల్, తెరలు వంటి త్వరగా అంటుకునే వస్తువులు, వీటన్నిటినీ వేసవి సెలవులు మొదలయ్యేలోపే తనిఖీ చేయాలని, తనిఖీ చేసిన తేదీని ప్రవేశద్వారం దగ్గర తెలుగులో ప్రదర్శింపజేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సత్యనారాయణపురం, విజయవాడ.