సర్జరీ పీజీల మానసిక ఆరోగ్య నిధి: ఈ ఏటి జమా ఖర్చులు

చందాదారులకు నమస్కారం. మొత్తాన్ని వంద పాళ్లుగా కట్టి చెబుతున్నాం. ఆడిటర్ సంతకం చేసిన అసలు పద్దు కోశాధికారి దగ్గర చూడవచ్చు.

జమ: సీనియర్ సర్జన్ల చందాలు 58, పూర్వ విద్యార్థులవి 30, పోయినేటి నిల్వ 12. పీజీల దగ్గర ఏమీ వసూలు చేయలేదు. పరికరాల కంపెనీల విరాళాలు తీసుకోలేదు.

ఖర్చులో పెద్దది కౌన్సెలింగ్: 54. సొంత ఆసుపత్రి సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లాలంటే, విషయం హెచ్‌ఓడీ (విభాగాధిపతి) చెవిన పడుతుందని పీజీలకు భయం. అందుకే బయటి కౌన్సెలర్లను పెట్టాం. వేళలు రాత్రి 7 నుంచి 10. పగలు పెడితే ఆపరేషన్ సాగిందంటే అపాయింట్‌మెంట్ పోయినట్టే. ఆఖరి నిమిషంలో రాలేకపోయినా ఫీజు నిధే కడుతుంది. గ్లోవ్స్ వేసుకున్న మనిషి ఫోన్ చేయలేడు కదా. బిల్లులో కోడ్ తప్ప పేరు, ఏడాది, విభాగం ఉండవు. చిన్న విభాగంలో ‘న్యూరోసర్జరీ, రెండో ఏడాది’ అని రాస్తే పేరు రాసినట్టే.

కుంగుబాటు (డిప్రెషన్) ఎంత ఉందో తొమ్మిది ప్రశ్నలతో కొలిచే పీహెచ్‌క్యూ-9 ఫారం నింపడం ఐచ్ఛికం. స్కోరు 10 గానీ అంతకు మించి గానీ ఉంటే ఆ వారంలోనే అపాయింట్‌మెంట్. తొమ్మిదో ప్రశ్న చావు తలపుల గురించి. దానికి సున్నా కాక ఏ జవాబిచ్చినా, మొత్తం స్కోరుతో పని లేకుండా ఆ పూటే మాట్లాడాలి. ఫారం నింపించుకుని ఎవరూ చూడకపోవడం అన్నిటికన్నా ప్రమాదం. అందుకే కౌన్సెలర్ ఉన్న వేళల్లోనే అది తెరుచుకుంటుంది.

తోటి పీజీల శిక్షణకు 13. ఆపరేషన్ టేబుల్ మీద పేషెంట్ పోయినప్పుడు ఆ డాక్టర్‌ను మిగిలిన డ్యూటీ నుంచి తప్పించాలి, అన్నం తినిపించాలి, గదికి ఒంటరిగా పంపకూడదు. ఎక్కడ పొరపాటు జరిగిందన్న చర్చ మరణాలను, చికిత్సలో వచ్చిన చిక్కులను సమీక్షించే ఎం అండ్ ఎం మీటింగులోనే జరగాలి, ఆ రాత్రి వద్దు.

నైట్ డ్యూటీ దిగాక ఇంటికి చేర్చే కారుకు 11. వరుసగా 17 గంటలు మెలకువగా ఉంటేనే, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నంతగా స్పందన మందగిస్తుంది. ఆ స్థితిలో బండి తాళం చేతికివ్వకూడదు.

కునుకు గదికి మంచాలు, మందపాటి తెరలు: 9. అలారం 20 నిమిషాలకే పెట్టాలి. గాఢనిద్రలోంచి లేపితే మగత వదలక, వెంటనే ఆపరేషన్‌కు దిగడం మంచిది కాదు.

ఆడిట్, ప్రింటింగ్: 2.

మోటివేషన్ ఉపన్యాసాలకు, డ్యూటీ దిగాక తప్పనిసరి యోగా క్లాసుకు వచ్చిన ప్రతిపాదనలను తిరస్కరించాం. నిద్రకు మిగిలిన గంటను కూడా అవి తినేస్తాయి. డ్యూటీ గంటలు తగ్గించడం ఈ నిధి వల్ల అయ్యే పని కాదు. అది రోస్టర్ వేసేవాళ్ల చేతిలో ఉంది. ఆ మాట యాజమాన్యానికి రాతపూర్వకంగా ఇచ్చాం.

నిల్వ 11. పరీక్షల నెలల్లో అదనపు సెషన్లకు ఇది విడిగా ఉంచాం, మరో పద్దుకు మళ్లించం.