గ్యాస్ వైరా, గ్యాస్‌లెస్సా: ఇకపై అడిగే ఇస్తాం

అనంతపురం చుట్టుపక్కల వర్క్‌షాపులకు మిగ్ వెల్డింగ్ మిషన్లు, కరిగి అతుకయ్యే వైరు, ఆ అతుక్కు గాలి తగలకుండా కాపాడే సీఓటూ గ్యాస్ సిలిండర్లు ఇచ్చే కొట్టు మాది. ఈ నెల నుంచి ఎవరు గ్యాస్‌లెస్ వైరు (లోపలి పొడే గ్యాస్ పని చేస్తుంది, సిలిండర్ అక్కర్లేదు) అడిగినా రెండు సంగతులు కనుక్కున్నాకే ఇస్తాం. పని షెడ్డులోనా, బయటా? ఇనుము ఎంత మందం? సిలిండర్ మోసే బాధ తప్పుతుందన్న ఒక్క మాట మీద తీసుకెళ్లి, నాలుగు రోజులకే వైరు బాగాలేదని వెనక్కి తెచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. చాలాసార్లు లోపం వైరులో ఉండదు. గ్యాస్‌లెస్ మీద మాకు మిగిలేది ఎక్కువే, అయినా అక్కర్లేనివాళ్లకు దాన్ని అంటగట్టం.

గేట్లు, గ్రిల్స్, షటర్లు, బీరువాలు షెడ్డులోనే చేసేవాళ్లకు గ్యాసుతో నడిచే రాగి పూత వైరే సరి. ఈఆర్70ఎస్-6 రకం, 0.8 మి.మీ. లావుది తీసుకోండి. 18 గేజ్ లాంటి పల్చటి రేకు మీద గ్యాస్‌లెస్ వాడితే కాస్త చెయ్యి ఆగిందంటే తూటు పడుతుంది. పడకపోయినా ప్రతి అతుకు మీదా గట్టిపడే చిట్టెం (స్లాగ్) కొట్టాలి, బ్రష్ పట్టాలి. స్లాగ్ మిగిలిపోతే దాని మీద వేసిన పెయింట్ పెచ్చులుగా లేస్తుంది. పైగా గ్యాస్‌లెస్ వైరు కిలో ధర మామూలు వైరుకు మూడు నాలుగు రెట్లు. రోజూ మిషన్ నడిచే షెడ్డుకు అది గిట్టుబాటు కాదు.

మామూలు ఇనుముకు ఒట్టి సీఓటూ చాలు. ట్రాక్టర్ ట్రాలీ పనికి అదే మంచిది, లోపలికి బాగా దిగుతుంది. ఆర్గాన్ 80, సీఓటూ 20 కలిపిన గ్యాస్ ఖరీదే, కానీ కరిగిన ఇనుము చిందులు తగ్గి గ్రైండింగ్ పని కూడా తగ్గుతుంది కాబట్టి బీరువాలు చేసేవాళ్లు లెక్క వేసుకోవచ్చు. గ్యాస్ ఫ్లో నిమిషానికి 10–12 లీటర్లు పెట్టండి. అతుకులో సన్నటి బొక్కలు (పిన్‌హోల్స్) వస్తున్నాయని 25కు తిప్పితే గ్యాస్ సుడి తిరిగి బయటి గాలిని తనే లోపలికి లాగుతుంది, పిన్‌హోల్స్ ఇంకా పెరుగుతాయి.

గ్యాస్‌లెస్ నిజంగా పనికొచ్చేది బయట. మన ఆషాఢం గాలి సంగతి చెప్పనక్కర్లేదు. గంటకు 8 కిలోమీటర్ల గాలి, అంటే ఆకులు కదిలేంత గాలి చాలు, టార్చ్ దగ్గర గ్యాసును చెదరగొట్టడానికి. బోరు దగ్గర కేసింగ్, చేలో విరిగిన గుంటక, మిద్దె మీద వాటర్ ట్యాంక్ స్టాండ్ లాంటి వాటికి గ్యాస్‌లెస్సే దిక్కు. 3 మి.మీ.కు పైబడిన ఇనుము మీద చక్కగా పడుతుంది. పొగ మాత్రం ఎక్కువ, గాలికి వీపు పెట్టకుండా పక్కకు నిలబడండి.

వెనక్కి వచ్చే స్పూళ్లలో (వైరు చుట్టలు) ఎక్కువ వాటికి కారణం పోలారిటీ, అంటే ప్లస్, మైనస్ ఎటు తగిలించారన్నది. మిషన్ ముందు టార్చ్ సాకెట్ కింద ఒక పొట్టి కేబుల్ ఉంటుంది (కొన్నిటిలో వైరు తలుపు లోపల రెండు బోల్టులు). గ్యాస్ వైరుకు అది ప్లస్‌లో, ఎర్త్ మైనస్‌లో. గ్యాస్‌లెస్‌కు రెండూ తారుమారు చెయ్యాలి. మార్చకుండా మొదలుపెడితే చిందులు ఎగురుతాయి, అతుకు ఇనుములోకి దిగకుండా పైనే కుప్పగా కూర్చుంటుంది. సుత్తితో కొడితే ఊడొస్తుంది. ఆ కేబుల్ మార్చే వీలే లేని చిన్న మిషన్లూ ఉన్నాయి. మీది ఏదో ఫోటో తీసుకొస్తే చూసి చెబుతాం.

గ్యాస్‌లెస్‌కు వైరును ముందుకు తోసే రోలర్ కూడా వేరు. ఈ వైరు లోపల బోలుగా ఉండి పొడి నిండి ఉంటుంది. నున్నటి రోలర్ మీద జారుతోందని బిగిస్తే నొక్కుకుపోయి టార్చ్ కొన టిప్పులో ఇరుక్కుంటుంది. గరుకు గాడి ఉన్న రోలర్ వేసి, వైరు జారనంత వరకే బిగించండి. టిప్పు బయటికి వైరు 15–20 మి.మీ. ఉండాలి, గ్యాస్ వైరుకైతే 10–12 చాలు. టార్చ్‌ను నెట్టకండి, వెనక్కి లాక్కుంటూ రండి. నెడితే స్లాగ్ అతుకులోనే చిక్కుకుంటుంది.

డబ్బా మీద ఈ71టీ-జీఎస్ అని ఉంటే ఆ గ్యాస్‌లెస్ వైరు ఒక్క వరస అతుకుకే. దాని మీద రెండో వరస వెయ్యకూడదు, పగుళ్లు వస్తాయి. ట్రాలీ ఛాసిస్‌కు రెండు మూడు వరసలు కావాలంటే ఈ71టీ-11 అడగండి. ఈ71టీ-1 అని ఇంకోటుంది, అదీ పొడి నింపిన వైరే గానీ దానికి గ్యాస్ తప్పనిసరి. ఈ మూడింటినీ ఇకపై వేరు వేరు అరల్లో పెడుతున్నాం.

సీఓటూ సిలిండర్ విషయంలో గేజ్‌ను నమ్మకండి. లోపల ద్రవం ఉన్నంతసేపూ ముల్లు దాదాపు కదలదు, అయిపోయాక ఒక్కసారిగా పడిపోతుంది. బరువే లెక్క. ఖాళీ బరువు సిలిండర్ మెడ మీద గుద్ది ఉంటుంది, మిగిలింది గ్యాస్. కిలో గ్యాస్ సుమారు 500 లీటర్లు, అంటే 12 లీటర్ల ఫ్లోలో ఆర్క్ నడిచేది 40 నిమిషాలు. ఇకపై ప్రతి సిలిండర్‌నూ మీ కళ్ల ముందే కాటా మీద పెట్టి బిల్లు మీద బరువు రాసిస్తాం. ఎండలో ఉంచితే లోపల ఒత్తిడి పెరిగి సేఫ్టీ డిస్క్ పగిలి గ్యాస్ మొత్తం పోవచ్చు. నీడలో, నిలబెట్టి, గొలుసు వేసి ఉంచండి.

సీలు తీసిన గ్యాస్‌లెస్ స్పూలు ఇకపై వాపసు తీసుకోం. చెమ్మ తగిలితే పొడి పాడవుతుంది, అతుకు మీద పురుగు పాకినట్టు గీతలు పడతాయి, ఇంకొకరికి అమ్మలేం. అందుకే కొత్తగా తీసుకునేవాళ్లు 1 కిలో స్పూలుతో మొదలుపెట్టండి. మీ ఇనుము ముక్క ఒకటి తెస్తే కొట్లోని మిషన్ మీద రెండు వైర్లతోనూ వేసి చూసుకోవచ్చు.