ఒంగోలు పంపు నీళ్ళు తాగొచ్చా అన్నావు కదా బావా

ఒంగోలు,
ఆదివారం మధ్యాహ్నం

ఒరే బావా,

మొన్న ఫోన్‌లో "ఒంగోలులో పంపు నీళ్ళు తాగొచ్చా రా, లేకపోతే టిన్నులు మాట్లాడుకోమంటావా" అని అడిగావు. నేను "తాగొచ్చులే" అనేసి పెట్టేశాను. రాత్రంతా అదే మనసులో మెదిలింది. చెల్లెమ్మ, నాలుగేళ్ళ బుడ్డోడు, ఊళ్ళోంచి అత్తయ్య, అందరూ వచ్చి ఉండబోయే ఇల్లు. ఒక్క మాటతో తేల్చే విషయం కాదు. అందుకే కూర్చుని రాస్తున్నా. పొడుగైతే రెండు విడతలుగా చదువుకో.

ముందు మన ఊరి నీళ్ళ సంగతి చెప్పాలి, ఎందుకంటే నీ భయం అక్కడినుంచే వచ్చింది. పదో తరగతి గ్రూపు ఫోటో మా ఇంట్లో ఇంకా ఉంది. అందులో ఒక్కడైనా నోరు తెరిచి నవ్వాడేమో చూడు. నువ్వయితే పెదాలు బిగించుకుని నిలబడ్డావు. అందరివీ గార పళ్ళే. కనిగిరి, పొదిలి వైపు బస్సు ఎక్కితే మనిషి నవ్వగానే ఏ వైపు వాడో చెప్పేవాళ్ళు. మా తాత చివరి పదేళ్ళు నడుం ఎత్తలేకపోయాడు, మెడ తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పాల్సి వచ్చేది. వాతం అనుకున్నారు అందరూ. బడి దగ్గర బోరింగు నీళ్ళు మాత్రం చూడ్డానికి ఎంత తేటగా ఉండేవి! అద్దంలా ఉండేవి.

ఇది మన తరంలో మొదలైంది కాదు బావా. మన దేశంలో ఫ్లోరోసిస్ అనే జబ్బును మొదట గుర్తించిందే ఇక్కడ. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసినవాళ్ళు కలిసి అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో జనాన్ని పరీక్షించి, ఇది నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బని రాశారు. అంతకుముందే రైతులు ఎడ్లు కీళ్ళు పట్టేసి నడవలేకపోవడం చూసి కంగారుపడ్డారట. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ నెల్లూరు జిల్లాలోవే. అంటే మన తాతల నాటికే ఈ జబ్బుకు పేరుంది, కారణం తెలుసు. అయినా మనం అవే నీళ్ళు తాగి పెరిగాం. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

అత్తయ్య ఏమంటుందో నాకు తెలుసు. "నేను నలభై ఏళ్ళుగా ఆ నీళ్ళే తాగుతున్నా, నా పళ్ళు చూడు ఎంత తెల్లగా ఉన్నాయో" అంటుంది. ఆమెకు నెమ్మదిగా చెప్పు. ఫ్లోరైడ్ పళ్ళ మీద మచ్చ వేసేది చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే, దాదాపు ఎనిమిదేళ్ళ లోపు. అత్తయ్య కావలి వైపునుంచి పెళ్ళయ్యాక వచ్చింది. పళ్ళు అప్పటికే గట్టిపడ్డాయి కాబట్టి మచ్చ పడలేదు. ఎముకలకు ఆ రక్షణ లేదు, అవి ఎన్నేళ్ళు తాగితే అన్నేళ్ళు పోగేసుకుంటాయి. ఆమె మోకాళ్ళ నొప్పులు దీనివల్లేనని నేను అనను, అది డాక్టరు చెప్పాలి. కానీ బుడ్డోడికి వయసు నాలుగేళ్ళు. వాడికి రాబోయే పళ్ళు ఇప్పుడే తయారవుతున్నాయి. సెలవులకు ఊరెళ్ళినప్పుడు కూడా వాడికి బోరు నీళ్ళు పట్టొద్దు.

ఇంకోమాట. మా నాయనమ్మ ఆ నీళ్ళు కాచి చల్లార్చి ఇచ్చేది, పాపం మంచిదనుకుని. కాస్తే పురుగూ పుట్రా చస్తాయి నిజమే, ఫ్లోరైడ్ మాత్రం చావదు. నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే గతి లేకపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని మన దేశ తాగునీటి ప్రమాణం చెబుతుంది. మన నేల కింద ఉన్న రాతిలోనే ఫ్లోరైడ్ ఉంది. వాన తక్కువ, బోరు లోతెక్కువ. నీళ్ళు ఏళ్ళ తరబడి ఆ రాయిని ఒరుసుకుంటూ ఉండిపోతాయి.

ఇప్పుడు ఒంగోలు సంగతి. ఇక్కడ పంపులో వచ్చేది సాగర్ నీళ్ళు. నాగార్జునసాగర్ కుడి కాలువ నుంచి వచ్చి సమ్మర్ స్టోరేజీ చెరువుల్లో నిలవ ఉంటాయి. కృష్ణ నీళ్ళు కదా, రాతిలో నానినవి కావు. కాబట్టి మన చిన్నప్పటి భయం ఈ నీళ్ళకు వర్తించదు. ఇది ముందు మనసులోంచి తీసెయ్. పటిక కలిపి మడ్డి దింపుతారు, ఇసుక ఫిల్టర్లలోంచి వడకడతారు, ఆఖర్న క్లోరిన్ కలుపుతారు. ఎండాకాలంలో చెరువులో నాచు పెరిగి కాస్త పచ్చి వాసన వస్తుంది. అది చూసి బెంబేలు పడకు.

ఈ నీళ్ళ భయం వేరే చోట ఉంది. ట్యాంకు దగ్గర బాగున్న నీళ్ళు మన గుమ్మం దాకా బాగానే వస్తున్నాయా అన్నదే. అది నేను కష్టపడి నేర్చుకున్నాను.

పోయిన శ్రావణంలో మా పాపకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఒక్క రాత్రిలో పిల్ల వాడిపోయింది. రెండు సెలైన్లు ఎక్కించారు. ఎదురింటి పిల్లాడికీ అంతే. బయట తిండి వల్లేమో అనుకున్నాం. నాలుగో రోజు నీళ్ళొచ్చినప్పుడు మీ చెల్లెలు బిందె పెట్టి, "ఏవండీ, వాసన చూడండి" అంది. మొదటి రెండు బిందెలు మురుగు కంపు. తర్వాత మామూలే.

మర్నాడు వీధి ఫిట్టర్ని పిలిచి తవ్విస్తే బయటపడింది. పదిహేనేళ్ళ కిందట ఇల్లు కట్టినప్పుడు మా ప్లంబరు కనెక్షన్ పైపును పక్క మురుగు కాలువలోంచే తీసుకొచ్చాడు. ఇనుప పైపు మురుగులో నాని నాని చిల్లులు పడింది. నీళ్ళు వచ్చే గంటలో పైపులో ఒత్తిడి ఉంటుంది, కారినా బయటికే కారుతుంది. నీళ్ళు ఆగిపోయాక పైపు ఖాళీ. అప్పుడు మురుగు లోపలికి దిగుతుంది. దానికి తోడు మోటార్లు. మా వీధిలో పదకొండు ఇళ్ళుంటే ఏడిళ్ళవాళ్ళు మోటారు నేరుగా పంపుకే తగిలించారు, అందులో మాదీ ఒకటి. మోటారు లాగితే నీళ్ళతో పాటు చిల్లు పక్కనున్నదీ వస్తుంది. నా బిడ్డ నోట్లోకి ఆ నీళ్ళు నా మోటారే తెచ్చిందని తెలిసిన రోజు నాకు అన్నం దిగలేదు. 2018 మార్చిలో గుంటూరులో మురుగు కలిసిన నీళ్ళు తాగి అతిసారంతో ప్రాణాలు పోయాయి, నీకు గుర్తుండే ఉంటుంది. వార్త చదివి అయ్యో అనుకుని పేజీ తిప్పేశాను నేను.

పైపు మార్చాం. కాలువకు పైనుంచి, ప్లాస్టిక్ పైపు, ఎక్కడా మురుగు తగలకుండా. వీధిలో అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడితే అయిదిళ్ళవాళ్ళు మోటారు తీసేశారు. ఇప్పుడు నీళ్ళు వాటంతట అవే సంపులో పడతాయి, మోటారు సంపులోంచి పైకి కొడుతుంది. మిగతా రెండిళ్ళతో ఇంకా మాట్లాడుతూనే ఉన్నా.

అప్పటినుంచి నీళ్ళు వచ్చిన రోజున క్లోరిన్ చూసుకుంటున్నా. క్లోరోస్కోప్ అని చిన్న పెట్టె. గొట్టంలో పంపు నీళ్ళు పట్టి మందు చుక్కలు వేస్తే క్లోరిన్ ఉన్నకొద్దీ పసుపు రంగు తేలుతుంది, పక్కనున్న రంగుతో పోల్చుకోవాలి. ఇంటి పంపు దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాము మిగిలి ఉండాలి. అంత మిగిలిందంటే దారిలో ఏదైనా కాస్త కలిసినా దాన్ని ఎదుర్కొనే సత్తువ ఉందన్నమాట. బ్లీచింగ్ వాసన వస్తోందని జనం ఆ నీళ్ళు పారబోస్తారు చూడు, నాకు బాధేస్తుంది. ఆ వాసన మనకు కాపలా. నచ్చకపోతే కుండలో పోసి పైన పల్చటి గుడ్డ కట్టి రాత్రంతా ఉంచు, పొద్దునకు పోతుంది.

ఇక టిన్నులు. నువ్వు ఇల్లు దిగిన వారంలోపే ఫిల్టర్లమ్మే కుర్రాడు వస్తాడు. రెండు గ్లాసుల్లో నీళ్ళు పోసి, నాలుగు కడ్డీలున్న ఒక మిషను ముంచి కరెంటు పెడతాడు. నీ పంపు నీళ్ళు తుప్పు రంగుకు తిరిగి తెట్టు కడతాయి. అతను తెచ్చిన నీళ్ళు తేటగానే ఉంటాయి. చెల్లెమ్మ హడలిపోతుంది, మా ఇంట్లోనూ అదే జరిగింది. ఆ రంగు నీళ్ళలోని మురికి కాదు బావా, ఆ ఇనుప కడ్డీ కరిగి వచ్చింది. నీళ్ళలో మామూలు లవణాలుంటే కరెంటు పారుతుంది, కడ్డీ కరుగుతుంది. లవణాలన్నీ తీసేసిన ఆర్‌ఓ నీళ్ళలో కరెంటు పారదు, అంతే. టీడీఎస్ మీటరూ అలాంటిదే. 500 లోపు ఉంటే మంచిదంటారు, అది లవణాల లెక్క. మురుగు కలిసిన గ్లాసు కూడా 300 చూపించవచ్చు. సూక్ష్మజీవులను అది పట్టుకోలేదు. ఫ్లోరైడ్ ఎంతుందో కూడా చెప్పదు.

మన ఊళ్ళో ఆర్‌ఓ నీళ్ళు అవసరమే, ఫ్లోరైడ్ తీసే దారుల్లో అదొకటి. ఇక్కడ సాగర్ నీళ్ళు పెట్టుకుని వీధి ప్లాంటు నుంచి టిన్ను తెచ్చుకోవడం ఎందుకో నాకర్థం కాదు. అవీ చాలాచోట్ల బోరు నీళ్ళే, టిన్ను మీద ఐఎస్ఐ గుర్తుండదు, లోపల ఎప్పుడు కడిగారో తెలీదు. ఇంకో దిగులు కూడా ఉంది. కొనగలిగినవాళ్ళం అందరం టిన్నులకు పోతే పంపు నీళ్ళు ఎలా వస్తున్నాయని అడిగే గొంతు ఎవరిది? మా ఇంట్లో పనికొచ్చే అక్క రోజుకు టిన్ను కొనలేదు. ఆమె పిల్లలు ఈ పంపు నీళ్ళే తాగుతారు.

నువ్వు సామాను దించకముందే ఆ అద్దె ఇంటికి ఒకసారి నేను వెళ్ళి వస్తా. పైపు కాలువలోంచి వచ్చిందేమో చూస్తా, అలా వచ్చి ఉంటే ఇంటాయనతో మాట్లాడి మార్పిద్దాం. సంపు కడిగిస్తా, మూత సరిగ్గా ఉందో లేదో చూస్తా. సంపులో 1000 లీటర్లకు మంచి బ్లీచింగ్ పౌడరు 2.5 గ్రాములు చాలు, ముందు బకెట్లో కలిపి తేరాక పైతేట మాత్రమే పోయాలి, అరగంటైనా ఆగాలి. నీళ్ళొచ్చినప్పుడు మొదటి రెండు బిందెలు తాగడానికి పట్టకుండా వదిలెయ్. బుడ్డోడికి, అత్తయ్యకు వానాకాలం నాలుగు నెలలూ కాచి ఇస్తే నాకూ నిశ్చింత. ఇవి సాగర్ నీళ్ళు కాబట్టి కాస్తే మంచే జరుగుతుంది, మన ఊరి బోరు నీళ్ళలా కాదు.

అత్తయ్యను తీసుకురావడానికి శనివారం ఊరెళ్తున్నావు కదా. అప్పుడు ఇంటి బోరు నీళ్ళు ఒక లీటరు తీసుకురా. కొత్త ప్లాస్టిక్ బాటిలే వాడు, గాజుది వద్దు, ఫ్లోరైడ్ గాజును అంటుకుని లెక్క తప్పుతుంది. బోరు అయిదు నిమిషాలు ఆడనిచ్చి, ఆ నీళ్ళతోనే బాటిల్ రెండుసార్లు కడిగి, నిండా పట్టి మూత బిగించు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో ఇద్దాం. కాగితం మీద అంకె చూస్తే అత్తయ్య కూడా వింటుందని నా ఆశ. బడి దగ్గర బోరింగు ఇంకా పనిచేస్తుంటే దాంట్లోంచీ ఒక బాటిల్ పట్టు, ఇప్పటికీ అక్కడ పిల్లలున్నారు కదా. ఏ బాటిల్ ఎక్కడిదో, ఏ తేదీన పట్టావో పైన రాసి అంటించు.

ఆదివారం సాయంత్రం బస్టాండులో ఉంటా.

నీ బావ