మీ మిరప మొక్కల ముడతకు కారణం నేను తప్పుగా చెప్పాను

ఈ జూలైలో మా నర్సరీ నుంచి మిరప, క్యాప్సికం నారు తీసుకెళ్లిన అందరికీ నమస్కారం.

ఆకులు ముడుచుకుపోతున్నాయని మీలో చాలామంది ఫొటోలు పంపారు. కొందరు కుండీలే మోసుకొచ్చారు. కొందరికి తామర పురుగులు (త్రిప్స్) అన్నాను, ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుల మందు చిన్న సీసాలో పోసి ఇచ్చాను. ఇంకొందరికి వైరస్ సోకిందని, మొక్క పీకేయమని చెప్పాను. రెండూ తప్పే. వచ్చింది తెల్లనల్లి, కంటికి ఆనని అతి చిన్న జీవి. అది మీ మిద్దె మీద పుట్టలేదు, మా షేడ్‌నెట్ కింద నుంచే మీ ఇంటికి వచ్చింది.

దీన్ని బయటపెట్టింది కూకట్‌పల్లి నుంచి వచ్చే ఒక అక్క. పీకేయమంటే మనసొప్పక, ముడుచుకున్న చిగుళ్లన్నీ తుంచేసి, గులాబీల బూడిద తెగులుకు తెచ్చుకున్న గంధకం మిరపకు కూడా కొట్టారట. మూడు వారాలకు ఫొటో పంపారు. కొత్త ఆకులు సాఫుగా, వెడల్పుగా వచ్చాయి. వైరస్ పట్టిన మొక్కకు చిగురు అలా బాగుపడి రాదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు నగల పనివాళ్లు వాడే భూతద్దం కొనుక్కొచ్చి, మిగిలిన ట్రేలన్నీ చూశాను. లేత ఆకు అడుగున, ఈనె పక్కన, లేత పసుపు రంగులో మెరుస్తూ కదిలే చుక్కలు. మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటాయి, మామూలు కంటికి ఆనవు. పక్కనే గుడ్లు, వాటి మీద వరసగా పొదిగినట్టు తెల్లటి బొడిపెలు. ఆ గుడ్లు చూశాక ఇక అనుమానం లేదు.

మాది ఖమ్మం జిల్లా. 2021 చివర్లో నల్ల తామర పురుగు పడి మా వైపు, వరంగల్, గుంటూరు వైపు మిరప తోటలు ఎలా పోయాయో కళ్లారా చూశాను. పూతలో గుంపులుగా చేరి పిందె పడనివ్వలేదు. ఎంతోమంది రైతులు తోటలు దున్నేశారు. అప్పటి నుంచి మిరపాకు ముడిస్తే చాలు, నాకు తామర పురుగే గుర్తొస్తోంది. ఆ భయంతోనే మీకు జవాబు చెప్పాను తప్ప ఆకు తిప్పి చూడలేదు. మా ఊళ్లో ఎవరైనా మొదట అడిగేది ఒక్కటే, "పై ముడతా, కింది ముడతా?" అని. అది నేనూ అడగాల్సింది.

తామర పురుగు పడితే ఆకు అంచులు పైకి లేచి దొప్పలా అవుతాయి. అది పై ముడత. తెల్లనల్లి పడితే అంచులు కిందికి వంగి, ఆకు తిరగేసిన పడవలా కనిపిస్తుంది, కాడ మాత్రం పొడుగ్గా సాగుతుంది. చిగురాకులు సన్నబడి, ముదురు ఆకుపచ్చగా పెళుసుగా ఉంటాయి. క్యాప్సికం అయితే కాయ మీద గోధుమరంగు బెరడు కట్టినట్టు అవుతుంది. తామర పురుగుకు పొడి వాతావరణం ఇష్టం. నల్లికి ముసురు, ఉక్క ఇష్టం. జూలైలో మా నెట్ కింద ట్రేలు ఒకదానికొకటి ఆనించి పెట్టాను, గాలి ఆడక తేమ నిలిచిపోయింది.

తెల్ల కాగితం మీద చిగురును దులిపి చూడండి. తామర పురుగులైతే సన్నటి నలుసుల్లా పరుగెడతాయి. ఏమీ కనపడకపోయినా ఆకులు కిందికే ముడుస్తుంటే నల్లినే అనుమానించాలి. ఆకు జిగురుగా ఉండి చీమలు తిరుగుతుంటే అది పేనుబంక. తెల్లదోమ తెచ్చే ఆకుముడత వైరస్ అయితే ఆకులు చిన్నవై, పసుపెక్కి, కణుపులు దగ్గరపడి మొక్క గుబురుగా కురచబారుతుంది. దానికి మందు లేదు, ఆ ఒక్క దానికే పీకేయడం.

నేనిచ్చిన మందు ఎందుకు పనిచేయలేదంటే, నల్లి కీటకం కాదు, సాలీడు కుటుంబానికి దగ్గరిది. ఇమిడాక్లోప్రిడ్ దాన్ని చంపదు, పైగా నల్లిని తిని బతికే మిత్రపురుగులకు హాని చేస్తుంది. దయచేసి ఆ సీసా వెనక్కి ఇచ్చేయండి, సింకులో పారబోయకండి. కాయ కాస్తున్న పాత మొక్కలకు కూడా కొట్టి ఉంటే, కొట్టిన రోజు నుంచి 40 రోజుల దాకా ఆ కాయలు వంటకు వాడకండి.

మొక్క ఇంకా ఉంటే పీకకండి. ముడుచుకున్న చిగుళ్లు రెండు మూడు అంగుళాలు తుంచి, కవర్లో వేసి మూతి కట్టి చెత్తలో పడేయండి. కంపోస్టులో వద్దు. తర్వాత నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి, సాయంత్రం పూట ఆకుల అడుగు తడిసేలా కొట్టండి. గంధకం దొరక్కపోతే 1500 పీపీఎం వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కొంచెం సబ్బునీళ్లతో. రెండింట్లో ఒకటే ఎంచుకోండి. నూనె కొట్టిన రెండు వారాల్లోపు గంధకం కొడితే ఆకు మాడుతుంది, ఎండలు మండే రోజుల్లో కూడా అంతే. గుడ్లు మిగిలి మళ్లీ పిల్లలవుతాయి కాబట్టి వారానికోసారి చొప్పున మూడుసార్లు కొట్టాలి. ఒకసారి ముడిచిన ఆకు మళ్లీ విచ్చుకోదు, దాన్ని చూసి టెన్షన్ పడకండి. రెండు వారాల తర్వాత వచ్చే చిగురును చూడండి.

నా మాట విని మొక్క పీకేసినవాళ్లకు చేతులెత్తి క్షమాపణ చెబుతున్నాను. రోజూ నీళ్లు పోసి పెంచుకున్న మొక్కను పీకడం ఎంత బాధో నాకు తెలుసు. జూలైలో కొన్న ప్రతి ఒక్కరికీ డబ్బు గానీ, కొత్త నారు గానీ ఇస్తాను. బిల్లు అక్కర్లేదు, మొక్క మిగిలి ఉండక్కర్లేదు. పాత ట్రేలన్నీ తీసేశాను. ఇప్పుడు పెరుగుతున్న కొత్త నారును వారానికి రెండుసార్లు భూతద్దంతో చూస్తున్నాను. వరసగా మూడు వారాలు నల్లి కనపడకపోతేనే అమ్మకం మొదలుపెడతాను, అప్పటిదాకా మిరప, క్యాప్సికం నారు అమ్మను.

మీ మొక్క సంగతి తేల్చుకోవాలంటే ఒక కొమ్మ తెచ్చి చూపించండి, మీ ముందే భూతద్దం కింద పెట్టి చూద్దాం. తెచ్చేటప్పుడు మాత్రం కవర్లో పెట్టి మూతి బిగించండి, లోపలికి తీసుకురాకుండా గేటు దగ్గరి బల్ల మీద ఉంచండి. కొత్త నారు ఆ వెనకే ఉంది.