చేపల దారినీ పటంలో గీయండి: నదీ ప్రణాళికాధికారికి బహిరంగ లేఖ

అయ్యా,

రోడ్డు కింద ఏరు పారేందుకు వేసిన కల్వర్టు గొట్టం చివర నీళ్లు మూరెడు ఎత్తు నుంచి కిందికి దూకుతుంటాయి. గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదే చేప ఎగిరి, కాంక్రీటు అంచుకు కొట్టుకుని, మళ్లీ మడుగులో పడుతుంది. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

పెద్ద డ్యాములు అందరికీ తెలుసు. యూరప్ నదుల్లో 10 లక్షలకు పైగా అడ్డంకులుంటే, వాటిలో ఎక్కువ శాతం ఇలాంటి చిన్నవే. ముందు వీటిని పటానికెక్కించండి. దిగువ కట్ట దాటలేని చేపకు ఎగువ కట్ట దగ్గర ఎక్కిపోయేందుకు నీటి మెట్లు కట్టి ఏం లాభం? నది పరీవాహక ప్రాంతమంతా ఒకే పటంలో పెట్టి, ఏ అడ్డు తీస్తే ఎన్ని కిలోమీటర్ల దారి తెరుచుకుంటుందో లెక్కేయండి. వాడకంలో లేని కట్టలైతే తీసేయడమే మేలు. అమెరికాలోని ఎల్వా నదిపై రెండు డ్యాములు 2014కల్లా తొలగించాక సాల్మన్ చేపలు మళ్లీ ఎగువకు చేరాయి.

కొత్త రోడ్డుకు అనుమతి ఇచ్చేముందు ఆ పటం చూసి తీరాలని నిబంధన పెట్టండి.