సెల్యులార్ జైలు సెల్ఫీలకేనా?

సంపాదకుల వారికి, నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో అండమాన్ మీద కథనం వచ్చి చాలా రోజులైంది. ఆవేశంలో రాయకూడదని ఆగాను. ఆగినా తగ్గలేదు కనుక రాస్తున్నాను. స్కూబా డైవింగుకు అర పేజీ, రాధానగర్ బీచికి పెద్ద రంగుల ఫొటో, రొయ్యల వేపుడు ఎక్కడ బాగుంటుందో చెప్పే బాక్సు ఒకటి. బ్రిటిష్ వాళ్లు మన సమరయోధులను బంధించిన సెల్యులార్ జైలుకు మాత్రం రెండే రెండు లైన్లు! సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షో చూడాలట, ఫొటోలకు మంచి స్పాటట. 1979లో ప్రధాని మొరార్జీ దేశాయ్ జాతికి అంకితం చేసిన స్మారకానికి మీరిచ్చిన విలువ అది.

నేను కట్టుబడి పనుల దగ్గర నిలబడి సర్వీసంతా గడిపినవాణ్ణి. ఆ షోని తప్పుపట్టను, బాగానే చేశారు. కానీ పగటిపూట గోడలు చెప్పేదాంట్లో అది నాలుగో వంతు కూడా చెప్పదు. 1896లో మొదలుపెట్టి 1906కి పూర్తి చేశారు. ఇటుకలు బర్మా నుంచి తెప్పించారు. మధ్యలో కాపలా బురుజు, దాన్నుంచి సైకిల్ చక్రం పుల్లల్లా ఏడు వింగులు, ఒక్కొక్కటి మూడంతస్తులు. 690కి పైగా గదులున్నా పదిమంది కలిసి పడుకునే హాలు ఒక్కటీ లేదు. ప్రతి గదీ ఒక్క మనిషికే. పదమూడున్నర అడుగుల పొడవు, ఏడున్నర వెడల్పు, వెనక గోడకు మనిషికి అందనంత ఎత్తున చిన్న వెంటిలేటరు.

ప్రతి వింగు ముఖమూ పక్క వింగు వీపు వైపు ఉండేలా కట్టారు. అంటే ఖైదీ చువ్వల దగ్గరకొచ్చి నిలబడితే ఎదురుగా గోడ, దాని మీద వెంటిలేటర్ల వరస, అంతే. మరో మనిషి మొహం కనపడదు, సైగ చేయడానికీ వీల్లేదు. బురుజు మీద కాపలా కాసేవాడికి మాత్రం అన్ని వింగులూ కనిపిస్తాయి. ఇక తలుపు గడియ సంగతి. అది తలుపు దగ్గరే ఆగదు. బయట గోడ వెంట పొడుగ్గా సాగి, గోడలో తొలిచిన గూట్లోకి పోతుంది, తాళం పడేది అక్కడ. లోపలివాడు చువ్వల్లోంచి చెయ్యి ఎంత చాపినా దొరకదు. నేను భుజం దాకా పెట్టి చూశాను, వేళ్లు గోడను తాకాయి కానీ గూడు దరిదాపుల్లోకి పోలేదు. ప్లాను గీసినవాడికి పని బాగా తెలుసు. అదే ఒళ్లు మండించే విషయం.

ఇవేవీ మా టూరు గైడు నోట రాలేదు. "ఐదు నిమిషాలండీ, ఫొటోలు కానిచ్చేయండి, బోటు టైమవుతోంది" అన్నది ఒక్కటే ఆయన వ్యాఖ్యానం. పక్క గదిలో కుర్రాళ్లు చువ్వలు పట్టుకుని ఏడుపు మొహాలతో రీల్స్ తీసుకుంటున్నారు. ఉరికంబం గదిలోనూ అదే వరస. 1933 నిరాహార దీక్షలో బలవంతంగా గొట్టాలతో పాలు పోస్తే విప్లవకారుడు మహావీర్ సింగ్ ప్రాణం పోయింది ఈ జైల్లోనే. ఆ పిల్లలను అని లాభం లేదు, చెప్పినవాడుంటే కదా!

ఏడు వింగుల్లో ఇప్పుడున్నవి మూడే. కొన్ని జపాన్ వాళ్ల ఆక్రమణ కాలంలో పోయాయి, మిగతావాటిని స్వాతంత్ర్యం వచ్చాక మనమే పడగొట్టుకున్నాం. అక్కడ శిక్ష అనుభవించిన పాత ఖైదీలు గొడవ చేయబట్టి ఆ మూడైనా దక్కాయి. లేకపోతే అవి కూడా కాంట్రాక్టరు లారీల్లో వెళ్లిపోయేవి. మన అధికారులకు పాత గోడ కనిపిస్తే చాలు, కూల్చాలనో టైల్స్ అంటించాలనో చేతులు దురద పెడతాయి. దానికి సుందరీకరణ అని పేరు, దాని పక్కన ప్రారంభించినవారి పేరుతో శిలాఫలకం.

అది ఎక్కడో సముద్రం అవతల, మనకెందుకు అంటారేమో. విశాఖ నుంచి ఓడ నడుస్తుంది. అక్కడి ఊళ్లో అడుగుపెడితే శ్రీకాకుళం యాస వినపడుతుంది. అల్లూరి అనుచరుల్లో అండమాన్ శిక్ష పడ్డవాళ్లున్నారు. కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకర వేంకటాచార్యులు గారు ఆ జైలు చూసినవారే. మన బడుల్లో ఎందరు పిల్లలకు ఈ పేరు తెలుసో ఏ హెడ్మాస్టరుగారినైనా అడగండి. ఎక్స్‌కర్షన్ అంటే వాటర్ పార్కు అయిపోయిన కాలం మరి.

అంత దూరం వెళ్లలేనివాళ్ల సంగతీ చెప్తాను. 1972లో స్వాతంత్ర్య రజతోత్సవాలప్పుడు అప్పటి పంచాయతీ సమితి (ఇప్పటి మండలాలకు ముందున్నవి) కేంద్రాల్లో స్తంభాలు నిలబెట్టి, ఆ ప్రాంతపు సమరయోధుల పేర్లు చెక్కించారు. మీ ఊళ్లో అది ఎక్కడుందో తెలుసా? మా దగ్గరున్నదానికి మూడు వైపులా ఫ్లెక్సీలు. నాలుగో వైపు పేర్ల మీద సున్నం కొట్టేశారు, అక్షరాలు పూడిపోయాయి. ఎవరో నాయకుడి పుట్టినరోజు ఎప్పుడో అయిపోయింది, ఫ్లెక్సీ ఇంకా అలాగే ఉంది. అడిగితే ఈ ఆఫీసువాళ్లు ఆ ఆఫీసు అంటారు, ఆ ఆఫీసువాళ్లు ఫైలు పైన ఉందంటారు. ఎంత పైన ఉందో ఇంతవరకు చెప్పినవాడు లేడు.

కాబట్టి నేను కోరేవి రెండే. ఈసారి అండమాన్ గురించి వేస్తే ఆ జైలు ప్లానూ, ఆ గడియ బొమ్మా వేయండి. రొయ్యల బాక్సు తీసేస్తే చోటు సరిపోతుంది. రెండోది, మీ విలేకరులు ఊరూరా ఉన్నారు కదా, ఆ 1972 స్తంభాలను ఫొటోలు తీయించి జిల్లా పేజీల్లో వరసగా వేయండి. ఫ్లెక్సీలతో సహా, వాటి మీద ఉన్న మొహాలతో సహా.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్,
విజయనగరం