వార్షిక నివేదిక: పులిహోర, లెక్కలు, విన్ రేషియో

సభ్యులందరికీ నమస్కారం.

సభ్యత్వ రుసుములు, హాలు అద్దె లెక్కలు కోశాధికారిగారు విడిగా పంపారు. ఉగాది బాగా జరిగింది, పులిహోర మాత్రం చాలలేదు. ఇక మిగతాదంతా మారతహళ్ళిలో నడిచిన గణాంక అధ్యయన బృందం గురించే. మనవాళ్ళు ఏడాదంతా గట్టిగా వాదించుకున్నది అక్కడే మరి.

తీసుకున్న విషయం క్లినికల్ ట్రయల్స్‌లో కాంపోజిట్ ఎండ్‌పాయింట్లు, అంటే రెండు మూడు రకాల ఘటనల్ని కలిపి కట్టిన ఫలితాలు. హార్ట్ ఫెయిల్యూర్ మందుల ట్రయల్స్‌లో గుండె జబ్బుతో చనిపోవడాన్నీ, ఆస్పత్రిలో చేరడాన్నీ గంపగుత్తగా ఒకే ఫలితంగా లెక్కకడుతుంటారు. ఘటనలు ఎక్కువ దొరుకుతాయి కాబట్టి తక్కువ మందితో పని జరుగుతుంది. చిక్కేమిటంటే, మొదటి ఘటన దాకా పట్టిన కాలాన్నే కాక్స్ మోడల్‌కి (ఘటన జరిగే వేగాన్ని రెండు జట్ల మధ్య పోల్చే గణాంక పద్ధతి) ఇస్తే, రెండో నెలలో ఆస్పత్రికెళ్ళి తిరిగొచ్చిన మనిషీ, రెండో నెలలో పోయిన మనిషీ ఆ లెక్కలో ఒకటే.

2006 నాటి డ్రీమ్ ట్రయల్‌ని విడదీసి చూశాం. 5,269 మంది, మందు రోసిగ్లిటాజోన్ (మధుమేహం మందు), ఫలితం ‘మధుమేహం లేదా మరణం’. ప్లాసిబో (ఉత్తుత్తి మాత్ర) జట్టులో 26.0 శాతం, మందు జట్టులో 11.6 శాతం. చూడ్డానికి ఘనంగా ఉంది. మరణాలు మాత్రం ప్లాసిబోలో 33, మందులో 30. లాభమంతా మధుమేహం దగ్గరే. పైగా ఆ కాంపోజిట్‌లో లేని హార్ట్ ఫెయిల్యూర్ మందు జట్టులో 14 మందికి వస్తే, ప్లాసిబోలో ఇద్దరికే వచ్చింది.

తర్వాత 2012లో పోకాక్ బృందం ప్రతిపాదించిన విన్ రేషియో, అంటే మందు గెలుపుల్ని ఓటములతో భాగించిన అంకె. బోర్డు మీద మందు వైపు నలుగురు, ప్లాసిబో వైపు నలుగురు ఊహా రోగుల్ని పెట్టి, ఒక్కొక్కరినీ అవతలి నలుగురితో కలిపి 16 జోడీలు కట్టాం. ఇద్దరినీ గమనించిన ఉమ్మడి కాలంలో ముందు మరణం చూడాలి. అక్కడ తేలకపోతేనే ఆస్పత్రి. ఎవరికి ఆ ఘటన రాకపోతే, లేదా ఆలస్యంగా వస్తే, వాళ్ళు గెలిచినట్టు. మందుకి 7 గెలుపులు, 4 ఓటములు, 5 సమానం. 7ని 4తో భాగిస్తే 1.75. సమానమైన ఆ అయిదు జోడీలూ ఏమైనట్టు? వాటిని చెరిసగం పంచితే 9.5కి 6.5, అంటే 1.46. దీన్ని విన్ ఆడ్స్ అంటారు. ఈ తేడా మీదే రెండు ఆదివారాలు గడిచిపోయాయి. డాక్టర్లకు 1.75 చెప్పడం తేలికే అన్నారు కొందరు. తేలికే, కానీ సమానాలు ఎన్నో చెప్పకుండా ఆ అంకె చూపించడం నాకైతే సమ్మతం కాదు.

టఫామిడిస్ (గుండె కండరంలో అమిలాయిడ్ ప్రోటీన్ పేరుకునే జబ్బుకి మందు) మీద 2018లో వచ్చిన ట్రయల్‌లో విన్ రేషియో 1.70. అక్కడ మరణాలు కూడా ప్లాసిబో జట్టులో 42.9 శాతం ఉంటే మందు జట్టులో 29.5 శాతమే కాబట్టి ఎవరూ పేచీ పెట్టలేదు.

ఇకమీదట మన దగ్గర ఎవరు ప్రెజెంటేషన్ ఇచ్చినా, ఏ మెట్టులో (మరణమా, ఆస్పత్రా) ఎన్ని గెలుపులు, ఓటములు, సమానాలు అన్న పట్టిక తప్పనిసరిగా ఉండాలని తీర్మానించాం. వచ్చే ఏడాది మళ్ళీ మళ్ళీ ఆస్పత్రిలో చేరేవాళ్ళ లెక్క చూద్దాం. మొదట 2019 నాటి హార్ట్ ఫెయిల్యూర్ ట్రయల్ పారగాన్-హెచ్‌ఎఫ్ చదవాలి. ఆసక్తి ఉన్నవాళ్ళు పేర్లు నాకివ్వండి.

— కార్యదర్శి, బెంగళూరు